చెప్పకుండా వచ్చే చుట్టాలకు దిబ్బరొట్టె: ఒక పోత ఇనుప మూకుడు మంచిచెడ్డలు

మా ఇల్లు అమలాపురానికి కొద్ది దూరంలో కాలువగట్టు రోడ్డును ఆనుకొని ఉంటుంది. ఆ దారిన పోయే చుట్టపక్కాలు పెళ్లిపనికి పోతున్నా, కొబ్బరికాయల బేరానికి పోతున్నా సాయంత్రం నాలుగు దాటాక మా అరుగు మీద కాసేపు కూర్చోకుండా ముందుకు కదలరు. ముందుగా ఫోను చేసి వచ్చేవారు బహు తక్కువ. ఉత్త కాఫీ ఇచ్చి పంపడానికి మనకు మనసొప్పదు, రాత్రి భోజనానికి ఉండమంటే వారికి వీలు కుదరదు. ఆ వేళకు సరిపడే పలహారాల కోసమే పది నెలల క్రితం ఒక పోత ఇనుప మూకుడు కొన్నాను. అప్పటినుంచి వారానికి రెండు మూడు సార్లయినా పొయ్యి ఎక్కుతూనే ఉన్నందున దాని గుణదోషాలను ఇప్పుడు కొంత నమ్మకంగానే చెప్పగలను.

వచ్చినవారికి పెట్టేది ఇంట్లో చేసినదై ఉండాలన్న పట్టుదల మా ప్రాంతంలో ఇంకా పోలేదు. దుకాణపు మిఠాయికి ఇక్కడ లోటేమీ లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, తాపేశ్వరం కాజాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అయితే అవి ఊరికి తిరిగి వెళ్లేవారికి పొట్లం కట్టి ఇచ్చేవి, అరుగు మీద కూర్చున్నవారికి వేడివేడిగా ఏదో ఒకటి ఉండాలి. ఇన్నాళ్లూ ఆ ఏదో ఒకటి మా ఇంట్లో అరటికాయ బజ్జీయే. ఆరుగురికి బజ్జీలు వేయాలంటే అరగంట సేపు పొయ్యి దగ్గర నిలబడవలసి వస్తుంది. మొదటి వాయి తిన్నవారు చేతులు కడుక్కునే సరికి చివరి వాయి దిగుతుంది, మాటలన్నీ అరుగు మీద, వండే మనిషి వంటింట్లో. "ఏమ్మా, నిన్ను చూడ్డానికి వస్తే నీ వీపే కనబడుతోంది" అని మా మేనమామగారు ఒకసారి అననే అన్నారు. అందుకే నేను మూకుడును తూచిన తూనిక ఒక్కటే: పొయ్యి మీద వదిలేసి వచ్చి కూర్చోగలిగేలా అది వండుతుందా, లేదా.

నేను తీసుకున్నది పది అంగుళాల మూతి, మూడు అంగుళాలకు కొంచెం తక్కువ లోతు, రెండు చెవులు, గాజు మూత ఉన్న రకం. మూత కాక బరువు మూడు కిలోలు. ఆన్‌లైన్‌లో పదకొండు వందల యాభై రూపాయలు పడింది. మొదట వచ్చినది అంచున జుట్టుపోగంత బీటతో వచ్చింది. పోత ఇనుములో కర్బనం రెండు శాతానికి పైగా ఉంటుంది కాబట్టి అది గట్టిదే గాని పెళుసు, చేజారి గచ్చు మీద పడితే సొట్ట పోదు, విరుగుతుంది. పార్సిలుకు ఒక్క అట్టపెట్టె చాలదని అమ్మినవారికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. మార్చి ఇచ్చారు, పన్నెండు రోజులు పట్టింది.

పెట్టె మీద "నేరుగా వాడుకోవచ్చు" అని రాసి ఉంది. ఆ మాట నమ్మి మొదటి రోజే పిండి పోశాను. అడుగంతా పట్టేసి, రొట్టె ముక్కముక్కలుగా ఊడివచ్చి, దాన్ని ఉప్మా అని పేరు పెట్టి ఇంట్లోవాళ్లమే తిన్నాము. తరువాత మా అత్తయ్యగారు చెప్పినట్టు మూడు రోజులు బియ్యం కడుగు పోసి ఉంచి, పూటపూటకూ మార్చి, కొబ్బరి పీచుతో తోమి, ఆరబెట్టి, పలచగా నూనె పట్టించి పొగ వచ్చేదాకా కాచడం నాలుగు సార్లు చేశాను. అలా కాగిన నూనె ఇనుముకు గట్టి పొరగా అతుక్కుంటుంది, ఆ పొరే తరువాత పిండిని అంటుకోనివ్వదు. నాలుగో రోజున వేసిన రొట్టె అట్లకాడ తగలగానే కదిలింది. కొన్నవారు ఎవరైనా ఈ నాలుగు రోజుల పనిని ధరలో కలుపుకోవలసిందే.

ఇక దిబ్బరొట్టె సంగతి. కొందరు దీన్ని మినపరొట్టె అంటారు. ఒక గ్లాసు మినపపప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు తక్కువ పోసి మెత్తగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కడిగి, నీళ్లు పిండేసి కలిపితే మా మూకుడుకు సరిగ్గా ఒక రొట్టె, ఆరుగురికి సరిపోతుంది. ఉప్పు, జీలకర్ర తప్ప మరేమీ అక్కర్లేదు. పిండి పులిస్తే రొట్టె కొంచెం గుల్లగా వస్తుంది, పులవకపోయినా చెడిపోదు. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉన్న ఇంట్లో చుట్టాలు చెప్పులు విడుస్తుండగానే పని మొదలుపెట్టవచ్చునన్న మాట. మూకుడును సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఖాళీగా కాచి, నాలుగు చెంచాల నూనె అంచుల దాకా తిప్పి, పిండి రెండు వేళ్ల మందాన పోసి, మూత పెట్టి, నేను వెళ్లి అరుగు మీద కూర్చుంటాను.

ఇక్కడే ఈ మూకుడు తన ధరను నిలబెట్టుకుంటుంది. పలచని అల్యూమినియం మూకుడులో చల్లని పిండి పడగానే వేడి ఒక్కసారి పడిపోతుంది, దానికోసం సెగ పెంచితే అడుగు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. ఇనుము వేడెక్కడానికి మొండికేస్తుంది గాని ఒకసారి వేడెక్కాక ఆ మందపాటి ఒళ్లు వేడిని పట్టి ఉంచుతుంది, ఒకటిన్నర లీటరు పిండి పోసినా తొణకదు. ఇరవై నిమిషాల తరువాత లేచి చూస్తే రొట్టె అంచు మూకుడు గోడను వదిలి గోరంత లోపలికి జరిగి ఉంటుంది, ఆ సందులో నూనె చిన్నచిన్న బుడగలుగా ఉడుకుతూ ఉంటుంది. మొదట్లో చుయ్యిమన్న చప్పుడు తగ్గి సన్నని చిటపటలు మాత్రమే మిగులుతాయి, కాలిన మినుము వాసన అరుగు దాకా వస్తుంది. తిప్పే వేళ అని ఆ వాసనే చెబుతుంది, గడియారం చూడనక్కర్లేదు. మూడు కిలోల మూకుడును పళ్లెంలోకి బోర్లించడం నా మణికట్టు వల్ల కాదు కనుక రొట్టెను అందులోనే అట్లకాడతో నాలుగు చెక్కలుగా కోసి ఒక్కొక్కటి తిప్పుతాను. కోసిన చోట మరికాస్త కరకర చేరుతుంది, దాన్ని నేను లాభంగానే లెక్కవేశాను. రెండో వైపు మరో పది నిమిషాలు.

దీనికి తోడు కొబ్బరి పచ్చడి ఒకటి చాలు. చెరకు పానకం దొరికే రోజుల్లో ఒక గిన్నెడు పక్కన పెడితే పచ్చడి వైపు ఎవరూ చూడరు. మా అత్తయ్యగారు చిన్నతనంలో కుంపటి మీద మూకుడు పెట్టి, మూతగా వేసిన పళ్లెం మీద కూడా నిప్పులు పోసి కాల్చిన రొట్టె తిన్న మనిషి. ఆవిడ ఈ రొట్టె తిని, "బాగానే ఉందమ్మా, పైన నిప్పుల్లేని లోటు మాత్రం పూడలేదు" అన్నారు. నిజమే. కింద నుంచీ పై నుంచీ ఒక్కసారిగా కాలిన రొట్టెకూ, తిప్పి కాల్చినదానికీ నడుమ మెత్తదనంలో తేడా ఉంటుంది. గ్యాసు పొయ్యి మీద ఏ మూకుడూ ఆ తేడాను తీర్చలేదు.

దిబ్బరొట్టె తరువాత ఈ మూకుడుకు బాగా ఒదిగినది ఉప్పుడు పిండి. పోపులో ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేగాక గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు పోసి, నానిన పెసరపప్పు గుప్పెడు వేసి, మరిగాక రవ్వ కలిపి మూత పెడితే పావుగంటలో అయిపోతుంది. స్టవ్ ఆపేశాక కూడా మూకుడులో నిలిచిన వేడి వల్ల అడుగున ఎర్రని చెక్క కడుతుంది. ఉప్పుడు పిండి తినేవారిలో సగం మంది ఆ చెక్క కోసమే తింటారు. కుక్కరులో చేసినప్పుడు అది రాదు, నాన్‌స్టిక్‌లో సరిగా రాదు, ఇందులో అడగకుండానే వస్తుంది. చెక్క మీదికి లేవకపోతే మూత తీయకుండా ఐదు నిమిషాలు ఆగండి, ఆవిరికి నాని తనంతట తానే వదులుతుంది.

వేపుళ్లకు మాత్రం నేను దీన్ని గొప్పగా చెప్పను. మిగిలిన ఇడ్లీ పిండిలో ఉల్లి, పచ్చిమిర్చి, కొంచెం బియ్యప్పిండి కలిపి పునుగులు వేస్తే చక్కగానే వస్తాయి, నూనె వేడి నిలకడగా ఉండటం వల్ల వాయికీ వాయికీ రంగు మారదు. అరిసెల చలిమిడి మిగిలితే పాకుండలు కూడా వేశాను. అయితే సెగ తగ్గించినా నూనె వెంటనే చల్లబడదు. బెల్లం ఉన్న పాకుండలు ఆ ఆలస్యంలోనే నల్లబడతాయి. పండక్కి బూరెలు వేయడానికి మా ఇంట్లో పాత ఇత్తడి బూరెల మూకుడే దిగుతుంది.

లోపాలలో మొదటిది గాజు మూత. దాని కింద పట్టిన ఆవిరి చుక్కలుగా మారి రొట్టె మీదికే రాలుతుంది, పైభాగం చెమట పట్టినట్టు ఉంటుంది. నెల తిరగకుండానే దాన్ని పక్కన పెట్టి బరువైన కంచు పళ్లెం బోర్లించడం మొదలుపెట్టాను. రెండవది చెవులు. అవి మరీ పొట్టివి, నాలుగు వేళ్లు పట్టవు, మసిగుడ్డ రెండు మడతలు వేసినా చురుక్కుమంటాయి. మా ఆడపడుచు ఒకసారి అలవాటుగా చేయి వేసి కాల్చుకుంది. మూడవది అడుగు గుండ్రం. గ్యాసు పొయ్యి కాళ్ల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, అప్పుడు రొట్టె ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది. కొనేటప్పుడు అడుగు కొంచెమైనా చదునుగా ఉన్నది ఎంచుకోవడం మేలు.

పులుపు సంగతి వేరుగా చెప్పాలి. ఒక ఆదివారం అందుబాటులో ఉందని ఇందులోనే పులిహోర పులుసు కాచాను. చింతపండు పులుపుకు ఇనుము కరిగి పులుసు నల్లగా మారింది, నాలుక మీద తుప్పు రుచి మిగిలింది, అన్నిటికన్నా మించి నాలుగు రోజులు కష్టపడి పట్టించిన నూనె పొర సగం ఊడిపోయింది. మళ్లీ బియ్యం కడుగు, మళ్లీ నూనె. టమాటా పచ్చడికీ, మామిడికాయ పప్పుకూ ఇదే హెచ్చరిక.

కడగడం చాలామంది భయపడేంత కష్టం కాదు. వేడి మీద చల్లనీళ్లు పోయకూడదు, పోస్తే బీటలు వారుతుంది. గోరువెచ్చగా ఉండగా కొబ్బరి పీచుతో రుద్ది, సబ్బు లేకుండా కడిగి, పొయ్యి మీద ఒక నిమిషం ఆరబెట్టి, నూనె చుక్క రాసి పెడితే చాలు. మా కోనసీమ గాలిలో తడి ఎక్కువ కనుక ఆ చివరి పని మానితే తెల్లారేసరికి ఎర్రతుప్పు పొడి కనిపిస్తుంది.

ఇద్దరే ఉన్న ఇంటికీ, మణికట్టు నొప్పులున్నవారికీ నేను దీన్ని కొనమని చెప్పను. వారికి ఎనిమిది అంగుళాలది చాలు, బరువూ తగ్గుతుంది. నలుగురు వచ్చిపోయే ఇంటికి మాత్రం ఇది దండగ కాదు. మొన్న మా మేనమామగారు మళ్లీ వచ్చినప్పుడు రొట్టె కాలుతున్నంత సేపూ నేను ఆయన ఎదురుగానే కూర్చున్నాను. వచ్చిన పని మరిచి ఆయన రెండో చెక్క అడిగారు. గాజు మూత ఇప్పుడు పెరుగు గిన్నె మీద ఉంటోంది, దానికి సరిగ్గా సరిపోయింది.