మూడు బంతుల స్పైరోమీటర్: మా పాప ఆపరేషన్ తర్వాత మేం వాడిన అనుభవం

ధర: మెడికల్ షాపులో 280 రూపాయలు. నా రేటింగ్: ఐదుకి నాలుగు.

మా పాపకు ఐదున్నరేళ్లు. కుడి కిడ్నీలో విల్మ్స్ ట్యూమర్, అంటే చిన్నపిల్లల కిడ్నీలో వచ్చే క్యాన్సర్ గడ్డ. కొన్ని వారాలు కీమో ఇచ్చి, గడ్డ చిన్నదయ్యాక హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి కిడ్నీతో సహా తీసేశారు. పొట్ట మీద అడ్డంగా పెద్ద కోత. ఆ నొప్పికి పిల్ల గట్టిగా ఊపిరి తీసుకోదు, దగ్గు వచ్చినా ఆపుకుంటుంది. అలా పైపైన ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగా తెరుచుకోదు, కఫం పేరుకుంటుంది, నిమోనియా రావచ్చు. అందుకే గట్టిగా ఊపిరి పీల్చడం సాధన చేయించే ఈ స్పైరోమీటర్‌ను ఫిజియోథెరపీ మేడమ్ కొనమన్నారు.

పక్కపక్కనే మూడు గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక బంతి. మీద 600, 900, 1200 అని ఉంటుంది. సెకనుకు అన్ని సీసీల గాలి లాగితే ఆ బంతి లేస్తుంది. లాగాలి, ఊదకూడదు. బుడగలు ఊదిన అలవాటుతో మా పాప మొదటి రోజంతా ఊదుతూనే ఉంది. "కొబ్బరి బోండాం అడుగున మిగిలిన నీళ్లు స్ట్రాతో ఎట్ల లాగుతవ్? అట్ల లాగు" అని నర్సమ్మ చెప్పాక అర్థమైంది.

తప్పు చేసింది మేమే. మూడో బంతి లేస్తేనే పిల్ల కోలుకున్నట్టు అనుకున్నాం. వాళ్ల నాన్న ఫోన్‌లో వీడియో తీస్తూ, మా అత్తమ్మ మంచం పక్కన నిలబడి "ఇంకా గుంజు బిడ్డా" అంటూ, నేను లోపల టెన్షన్ పడుతూ. నాలుగో రోజు పాప దాన్ని తోసేసి ఏడ్చింది. మేడమ్ మమ్మల్ని బయటికి పిలిచి, మూడు బంతులు ఒక్క క్షణం ఎగరడం కంటే ఒక్క బంతిని రెండు మూడు సెకన్లు మెల్లగా పైన నిలపడమే పిల్లకు మంచిదన్నారు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి, పదిసార్లు, మధ్యలో ఆగుతూ. కళ్లు తిరిగితే ఆపేయాలి.

ఇంటికొచ్చాక ఆ లెక్క మా బాబు చేతికిచ్చాం. వాడికి పదేళ్లు. మేం ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలూ నల్లగొండలో మేనత్త దగ్గర ఉన్నాడు. తిరిగొచ్చాక నాతో సరిగా మాట్లాడలేదు, చెల్లిని ముట్టుకోవాలంటే భయపడ్డాడు. బంతి పైకి లేవగానే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టడం, నోటుబుక్కులో గీత గీయడం వాడి పని. మూడో రోజు వాడే వెళ్లి దిండు తెచ్చి, దగ్గితే కోత నొప్పి పుట్టకుండా చెల్లి పొట్టకు ఆనించి, "ఇప్పుడు దగ్గు, నేను పట్టుకున్న" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆపరేషన్ రోజు కూడా అంత ఏడవలేదు.

ఇక లోపాలు. నోట్లో పెట్టుకునే భాగం పెద్దవాళ్ల కొలతది, చిన్న నోటికి పెదాల పక్కనుంచి గాలి పోతుంది. పైపు మాటిమాటికీ ఊడుతుంది. డబ్బాలో ఇచ్చిన కాగితం మీద ఒక్క ముక్క తెలుగు లేదు, బొమ్మ చూస్తే ఊదాలో పీల్చాలో తెలియదు. మా అత్తమ్మ లాంటి వాళ్లే పిల్లల దగ్గర కూర్చునేది, వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి కదా. ఒక స్టార్ అందుకే తగ్గించాను.

కొనేవాళ్లకు: డాక్టర్ సరే అంటే ఆపరేషన్‌కు ముందే కొని, నొప్పి లేనప్పుడే నేర్పించండి. మాకు ఆ సంగతి తెలియలేదు. నొప్పి మందు వేసిన అరగంటకు చేయిస్తే పిల్ల సులువుగా చేస్తుంది. నోటి భాగం రోజూ కడిగి ఆరబెట్టండి, ఇంకొకరిది వాడొద్దు. జ్వరం వచ్చినా, ఆయాసం అనిపించినా దీంతో తగ్గుతుందని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.