‘వేడిగానూ కరకరగానూ ఉంచుతుంది’ అని అమ్మే లంచ్ బాక్సులతో జాగ్రత్త

స్కూళ్లు తెరిచే సీజన్ కదా, చాలామంది ఇప్పుడు లంచ్ బాక్సులే వెతుకుతూ ఉంటారు. ఆన్‌లైన్‌లో నాలుగు గదుల ‘ఇన్సులేటెడ్ స్టీల్’ బాక్సు కనబడితే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మా పాప కోసం అలాంటిదే తెప్పించాం. ఆరు గంటలు వేడి తగ్గదు, చుక్క కూడా కారదు, వేపుడు కరకరలాడుతూనే ఉంటుంది అని రాశారు. మూడూ అబద్ధాలే.

పొద్దున సర్దిన బెండకాయ వేపుడు సాయంత్రం ముట్టుకోకుండా ఇంటికొచ్చింది. మూత తీస్తే లోపలి వైపంతా నీటి బొట్లు. అవే రాలి వేపుడు జిగురు పట్టింది, అన్నం ముద్దయింది. పైగా గదుల మధ్య గోడలు మూతకు ఆనవు, వేలిగోరు దూరేంత సందుంది. బ్యాగు కాస్త వాలితే చాలు, పప్పు పక్క గదిలోకి పోతుంది. పిల్ల ఆ రోజంతా ఆకలితో ఉంది. నాకు కోపం వచ్చింది అందుకే, పోయిన డబ్బు కోసం కాదు.

తర్వాత పరీక్షగా చూస్తే, లోపలి పళ్లెం ఒక్కటే స్టీలు. బయటదంతా వెండి రంగు వేసిన ప్లాస్టిక్. అసలైన వాక్యూమ్ డబ్బాకు రెండు స్టీలు గోడలుంటాయి, వాటి మధ్య గాలి ఉండదు కాబట్టి వేడి త్వరగా బయటికి పోదు. ఇందులో అదేమీ లేదు. మూత రబ్బరు రింగును పిన్నుతో లేపితే కింద నల్లగా బూజు. రోజూ కడిగినా ఆ గాడిలోకి నీళ్లు సరిగా వెళ్లవు.

సెల్లర్‌ను అడిగితే “వేడి పదార్థం పెడితే ఆవిరి సహజం మేడమ్, రిటర్న్ గడువు అయిపోయింది” అన్నారు. ఆవిరి సహజమైతే కరకరలాడుతుందని ఎలా రాశారు? గాలి చొరబడకుండా మూసిన వేడి డబ్బాలో ఆవిరికి దారి ఉండదు, నీరై కిందికే దిగుతుంది. వేడి, కరకర రెండూ ఒకే మూత కింద ఉంచుతామని ఎవరు చెప్పినా నమ్మకండి.

మెత్తబడటం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. సగం సగం వేడి నిలిపే డబ్బాలో అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. వండిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వల్ల వాంతులవుతాయి. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. చిన్నపిల్లల విషయంలో ఇది తేలిగ్గా తీసుకోకండి.

కొనేటప్పుడు పేజీలో ‘ఇన్సులేటెడ్’ అని మాత్రమే ఉందా, ‘వాక్యూమ్’ అని ఉందా చూడండి. ఐఎస్ఐ గుర్తు, తయారీదారు పేరు, చిరునామా లేకపోతే వదిలేయండి. రివ్యూలలో ఫొటోలు తప్పకుండా తెరవండి, ఈ బాక్సు కింద ఉన్న మంచి రివ్యూలు సగం ఏదో నీళ్ల బాటిల్‌వి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇంటికి రాగానే మరిగే నీళ్లు పోసి మూత పెట్టి పది నిమిషాల తర్వాత బయట చెయ్యి పెట్టండి. వేడి తగిలితే ఆ రోజే వెనక్కి పంపేయండి.

బాక్సు ఎంత మంచిదైనా వేపుడు మాత్రం వేరే చిన్న డబ్బాలో, బాగా ఆరాకే మూత పెట్టాలి. అన్నం వెడల్పాటి పళ్లెంలో పరిస్తే త్వరగా ఆవిరి పోతుంది. అయితే గంటల కొద్దీ అలా వదిలేయకూడదు. టమాటా, దోసకాయ ముక్కలకు ఉప్పు ముందే చల్లితే నీరు ఊరుతుంది, ఉప్పును విడిగా పొట్లం కట్టి ఇవ్వండి.

మీరు ఇప్పటికే మోసపోయి ఉంటే ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పేజీలోని ఆ ‘ఆరు గంటలు’ మాటను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తారు. మేం అడిగిన మర్నాడే మార్చేశారు.

ఇదే బాక్సు రకరకాల పేర్లతో తిరుగుతోంది. ఊదా, లేత ఆకుపచ్చ మూతలు, మూత మీద చెంచా పెట్టుకునే గాడి, పక్కన రెండు క్లిప్పులు: గుర్తుపట్టి, మీ చుట్టుపక్కల తల్లిదండ్రులకు కూడా చెప్పండి.