సిబిల్ స్కోరు 611, ఇంటి రుణం 9 లక్షలు: బరంపురంలోని ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ గురించి

ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. అప్పు ఇచ్చినందుకు కాదు, ఇచ్చే ముందు మా పనిని కళ్లతో చూసినందుకు. కంపెనీ పేరు రాయను. గిరి రోడ్డు చుట్టుపక్కల ఇలాంటి బోర్డులు చాలానే ఉన్నాయి, షరతులు కూడా దాదాపు ఒకే అచ్చులో పోసినవే.

నాది బ్లౌజులు కుట్టే దుకాణం. మా ఆయన పట్టుచీరల కొట్టులో పని చేస్తారు, జీతం నగదుగా చేతికి ఇస్తారు. అంబపువా వైపు రెండు గదుల స్లాబు ఇల్లు 14 లక్షలకు బేరం కుదిరింది. అక్కడి నుంచి మొదలైంది సిబిల్ గొడవ.

అప్పులు ఎలా తీర్చామో చూసి వేసే ఈ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. 750 దాటినవాళ్లకు బ్యాంకులో కుర్చీ వేస్తారు. మా ఆయనది 611. ఆయన సొంతంగా తీసుకున్న అప్పుల్లో ఒక్క వాయిదా కూడా ఆలస్యం కాలేదు. మా మరిది ఆటో కొన్నప్పుడు హామీ సంతకం పెట్టారు, అంతే. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలకు మారటోరియం, అంటే కట్టకుండా ఆగే వీలు, ఇచ్చారు గానీ, సెప్టెంబరులోనూ ఎక్కే జనం లేరు. ఫైనాన్స్ వాళ్లు బండి పట్టుకుపోయి అమ్ముకున్నారు, మిగిలిన బాకీలో సగం కట్టించుకుని ఖాతా మూశారు. ఇంట్లో ఆ సంగతి తీరిపోయింది, సిబిల్ రిపోర్టులో తీరలేదు. అక్కడ ‘సెటిల్డ్’ అని పడింది, అంటే బాకీ పూర్తిగా తీర్చలేదని. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమని కాంట్రాక్టు చట్టం చెబుతుంది కాబట్టి, ఆ మచ్చ అన్నదమ్ములిద్దరికీ అంటుకుంది.

నా స్కోరు 700 పైనే. మహిళా గ్రూపులో తీసుకున్న రుణాలన్నీ వారం తప్పకుండా కట్టాను, అవి కూడా రిపోర్టులో నమోదవుతాయి. అయితే ఇల్లు ఇద్దరి పేరా కొంటే రుణంలోనూ ఇద్దరూ ఉండాలన్నారు, ఇద్దరిలో తక్కువ స్కోరునే లెక్కలోకి తీసుకున్నారు. బ్యాంకు మేనేజరు తెర మీద 611 చూసి, కాగితాలు తెరవకుండానే నా వైపు జరిపారు.

ఈ కంపెనీకి వెళ్లే ముందు మేము చేసిన పని ఒకటుంది, అది ఎవరికైనా పనికొస్తుంది. మన దేశంలో స్కోరు లెక్కగట్టే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీసి చూస్తే, ఎప్పుడో తీరిపోయిన మా స్కూటరు అప్పు ఇంకా నడుస్తున్నట్టే ఉంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం, దానికి రుసుము లేదు. అప్పు ఇచ్చిన సంస్థ ఒప్పుకోనిదే సిబిల్ తనంతట తాను ఏమీ మార్చదు, కాబట్టి స్కూటరు ఫైనాన్స్ వాళ్ల నుంచి బాకీ లేదన్న పత్రం కూడా తెచ్చి జత చేశాం. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 నుంచి నిబంధన ఉంది. మాది గడువులోనే తేలింది. ‘సెటిల్డ్’ మాత్రం కదల్లేదు, అది నిజమే కాబట్టి. ఐదు వేలు ఇస్తే దాన్ని కూడా చెరిపేస్తానని ఒకాయన దుకాణానికి వచ్చాడు. నిజంగా పడిన నమోదును చెరిపే మంత్రం ఎవరి దగ్గరా లేదు. ఆయనకు మంచినీళ్లు ఇచ్చి పంపించాను.

ఇక కంపెనీ సంగతి. లాగిన్ ఫీజు, అంటే దరఖాస్తు తీసుకునే రుసుము, 3,540 రూపాయలు కట్టించుకున్నారు. రుణం రాకపోతే ఆ డబ్బు పోయినట్టే, వస్తే ప్రాసెసింగ్ ఫీజులో కలుపుకుంటారు. తరువాత ఒక ఒడియా కుర్రాడు, వాళ్ల ఫీల్డ్ ఆఫీసరు, దుకాణానికి వచ్చాడు. ఆదాయపు పన్ను కాగితాలు అడుగుతాడేమోనని నేను సిద్ధంగా ఉన్నాను, లేవని చెప్పడానికి. అతను “అపా (అక్కా), మీ కొలతల పుస్తకం చూపించండి” అన్నాడు. నా పుస్తకంలో ప్రతి బ్లౌజుకూ తేదీ, కొలత, బయానా, మిగిలిన సొమ్ము రాసి ఉంటాయి. మామూలు బ్లౌజు ఎన్ని, లైనింగ్‌వి ఎన్ని, చీరలకు ఫాల్ కుట్టినవి ఎన్ని, అన్నీ నెలలవారీగా విడదీసి రాసుకున్నాడు. పెళ్లిళ్ల నెలల్లో, దసరాకు ముందు రాబడి పెరిగి, వానాకాలంలో సగానికి పడిపోవడం అతను నేను చెప్పకుండానే పట్టేశాడు. కరెంటు బిల్లులు అడిగాడు. మిషన్లు నిజంగా అంతసేపు తిరుగుతున్నాయో లేదో వాటిలో తెలుస్తుందట. దారం, కాన్వాసు కొనే కొట్టుకు వెళ్లి నా ఖాతా ఎలా ఉంటుందో విచారించాడు. మా ఆయన యజమానితో జీతం సంగతి రాయించుకున్నాడు. ‘సెటిల్డ్’ గురించి అడిగి, ఆటో కథంతా విని, మా మరిది చేత ఒక వాంగ్మూలం రాయించి ఫైలులో పెట్టాడు. బ్యాంకు మేనేజరు చూడని పుస్తకాన్ని ఈ కుర్రాడు తిరగేసిన తీరుకే నేనిచ్చిన మూడింటిలో రెండు నక్షత్రాలు.

ఇంటి కాగితాల్లోనూ వీళ్ల వకీలు గట్టివాడే. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా తీసి చూశాడు. ముందు అమ్మేవాళ్లు చూపించిన పట్టాలో భూమి కిసమ్ (రకం) ఇంకా పొలంగానే ఉంది. దాన్ని ఒడిశా భూసంస్కరణల చట్టం కింద ఘరబారిగా, అంటే ఇళ్ల స్థలంగా, మార్పించి తెస్తే తప్ప రుణం లేదన్నాడు. అమ్మేవాళ్లు విసుక్కున్నారు గానీ చేయించారు. మా చేతి డబ్బు కూడా అందులో పడుతుంది కదా, ఆ పట్టుదల నాకు నచ్చింది. రాయగడ, కొరాపుట్ వైపు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. అది షెడ్యూల్డ్ ప్రాంతం, ఆదివాసీల భూమి ఇతరులకు బదిలీ కాకుండా 1956 నుంచి నిబంధన ఉంది.

ఇప్పుడు నక్షత్రాల కోతలు. వడ్డీ 14 శాతం, 15 ఏళ్లు. 9 లక్షలకు నెల వాయిదా 11,986 రూపాయలు. అదే అప్పు 8.75 శాతానికి దొరికితే 8,995. నెలకు దాదాపు మూడు వేలు తేడా, 15 ఏళ్లకు 5 లక్షల 38 వేలు. మా మరిది ఆటో ఖరీదు కంటే ఆ సంతకం ఖరీదే ఎక్కువైంది, ఈ మాట ఆయన ముందు మాత్రం అనను. ఎక్కువ వడ్డీకి మాత్రం నక్షత్రం కోయలేదు. ఆ సంగతి మొదటి రోజే చెప్పారు.

కోసింది బీమాకు. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో 21,240 రూపాయలు పోగా, 31,000 జీవిత బీమా ప్రీమియం అప్పులోంచే మినహాయిస్తామన్నారు, తప్పనిసరి అన్నారు. తప్పనిసరి కాదు. రుణం ఇచ్చే ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఇచ్చి, వివరించి, సంతకం తీసుకోవాలి. తెలుగులో అడిగితే లేదన్నారు, ఇంగ్లీషు ఇచ్చారు, గట్టిగా అడిగితే ఒడియాలో ఇచ్చారు. మా అమ్మాయి బడిలో ఒడియా చదువుకుంది కాబట్టి కూర్చుని చదివి చెప్పింది. అందులో అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు 15.2 శాతం ఉంది. బీమా తీసేయమని రాసి ఇచ్చాను. రెండో పత్రంలో అది 14.5 అయింది. అడగనివాళ్ల సంగతి ఏమిటి? ఒక నక్షత్రం అక్కడ పోయింది.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో అర్హత ఉన్నవాళ్లకు ఇంటి రుణం వడ్డీ మీద 1.80 లక్షల వరకు సాయం ఉంది. ఆ మాట నేను ఎత్తేవరకు వాళ్లు ఎత్తలేదు. దరఖాస్తు పెట్టాం, చూడాలి.

రెండో నక్షత్రం రేటు కదలనందుకు. మాది మారే వడ్డీ అని రాసి ఉంది. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 6.50 నుంచి 5.50 శాతానికి దిగింది. బ్యాంకుల కొత్త ఇంటి రుణాలు 2019 అక్టోబరు నుంచి ఇలాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి, అది దిగితే అవీ దిగుతాయి. ఫైనాన్స్ కంపెనీలకు ఆ ముడి లేదు, సొంత రేటు పెట్టుకుంటాయి. మాది పైసా తగ్గలేదు. తగ్గించాలంటే మార్పిడి రుసుము కట్టమన్నారు.

మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాన్ని ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు, ఇది మాకున్న పెద్ద దారి. అందుకే బ్యాంకుకు మార్చుకోవాలని చూస్తున్నాం. వాయిదాలు నెలనెలా తప్పకుండా పడుతున్నాయి, మా ఆయన స్కోరు మెల్లగా లేస్తోంది. బ్యాంకువాళ్లు ఇంకా ఎంత బాకీ ఉందో చెప్పే లేఖ, కంపెనీ దగ్గరున్న ఇంటి పత్రాల జాబితా తెమ్మన్నారు. ఈ రెండు కాగితాలకూ కంపెనీ విడివిడిగా రుసుము చెప్పింది. అర నక్షత్రం కోసే వీలుంటే అది కూడా కోసేదాన్ని.