ఫ్లాయిడ్ కోసం మౌంట్ ఎయిరీ వెళ్లొచ్చాం

అమెరికాలో, నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్‌లో మా అబ్బాయి ఇంట్లో పగలు తోచదు. కొడుకూ కోడలూ మీటింగుల్లో, మనవరాలు బడిలో. మా ఆవిడ ఫోన్లో ప్రవచనాలు పెట్టుకుంటే నేను టీవీలో పాత అమెరికన్ సీరియల్ ఒకటి పట్టుకున్నాను. 'ది ఆండీ గ్రిఫిత్ షో', 1960 నుంచి 1968 దాకా 249 భాగాలు. మేబెరీ అనే పల్లెటూరు, తుపాకీ పెట్టుకోని షెరీఫ్ ఆండీ, ఊరికే కంగారుపడే డిప్యూటీ బార్నీ. అందరూ ఆ బార్నీ కోసమే చూస్తారు. నాకు మాత్రం బార్బర్ ఫ్లాయిడ్ నచ్చాడు. ఒక మాట మొదలెట్టి, దారిలో ఇంకేదో గుర్తొచ్చి, అటు వెళ్లిపోయి, మళ్లీ 'ఊ...' అంటూ వెనక్కి వస్తాడు. అలాంటి మనిషి తెనాలిలో మా వీధికొకడు ఉండేవాడు.

చూడగా చూడగా ఒకటి పట్టేసింది. మొదటి భాగాల్లో ఫ్లాయిడ్ కుర్చీ చుట్టూ తిరుగుతూ కత్తెర ఆడిస్తాడు. తర్వాత కొన్నాళ్లు అసలు కనపడడు. తిరిగొచ్చాక ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటాడు. దుకాణం బయట బెంచీ మీద, కుడి చేతిలో ఏదో ఒకటి పట్టుకుని. ఎడమ చెయ్యి కదలదు. మా అన్నయ్యకి పక్షవాతం వచ్చి పదేళ్లు దాటింది. ఎవరైనా వస్తే ఎడమ చేతిని కండువా కింద సర్దుకుని మామూలుగా కబుర్లు చెబుతాడు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. ఆ రాత్రి మా వాణ్ణి అడిగితే వెతికి చూసి, "నిజమే నాన్నా, ఆయనకి 1963లో స్ట్రోక్ వచ్చిందట" అన్నాడు.

ఫ్లాయిడ్ వేషం వేసిన ఆయన పేరు హోవర్డ్ మెక్‌నియర్. 1905లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. సగం జీవితం రేడియోలోనే గడిచింది. 'గన్‌స్మోక్' రేడియో నాటకంలో 1952 నుంచి 1961 దాకా డాక్టర్ గొంతు ఆయనదే. అదే కథ టీవీకి వెళ్లినప్పుడు రేడియో వాళ్ల ముఖ్య పాత్రలన్నీ కొత్తవాళ్లకి ఇచ్చేశారు. విజయవాడ రేడియో నాటకాలు వింటూ పెరిగినవాణ్ణి, ఆ సంగతి చదివి కడుపు మండింది. సినిమాల్లో వేసినవన్నీ చిన్న వేషాలే, ఎల్విస్ ప్రెస్లీ 'బ్లూ హవాయి'లో కూడా ఉన్నాడు. ఇంకో సీరియల్లో బార్బర్‌గా వేశాడు, అందులో ఆ బార్బర్ పేరు ఆండీ! స్ట్రోక్ తర్వాత వదిలేయకుండా ఆండీ గ్రిఫిత్ బృందం పిలిపించుకుంది. నిలబడాల్సిన చోట ఆనుకోవడానికి స్టాండు చేయించారు, మిగతా అంతా కూర్చోబెట్టి తీశారు. అలా 1967 దాకా లాక్కొచ్చాడు. 1969 జనవరిలో పోయాడు.

ఇది విన్నాక ఆ ఊరు చూడాలనిపించింది. ముందే చెప్పాలి, సీరియల్ తీసింది అక్కడ కాదు. ఊరి వీధులన్నీ కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో, ఒక స్టూడియో వెనక వేసిన సెట్లో తీశారు. ఆ సెట్ 1970ల్లోనే నేలమట్టం అయింది. మౌంట్ ఎయిరీ ఆండీ గ్రిఫిత్ పుట్టిన ఊరు. నార్త్ కరొలైనాలో, వర్జీనియా సరిహద్దుకి కూతవేటు దూరం. ఆయన సీరియల్ చూసి ఊరే సీరియల్లా తయారైంది. సెట్‌కి నకలు అనుకుని వెళ్తే నిరాశ ఉండదు.

మోరిస్‌విల్ నుంచి గ్రీన్స్‌బరో, విన్‌స్టన్-సేలం మీదుగా రెండుంపావు గంటలు. చివర్లో నున్నటి గుండు మీద పిలక పెట్టినట్టు ఒక కొండ కనపడుతుంది. అది పైలట్ మౌంటెన్. సీరియల్లో పక్క ఊరి పేరు 'మౌంట్ పైలట్' దాన్ని తిరగేసి పెట్టిందే. పైదాకా రోడ్డు ఉంది, పదిహేను నిమిషాలు ఆగితే చాలు.

శుక్రవారం సాయంత్రం చేరి హైవే పక్కన ఒక మోటెల్లో దిగాం. పేరు ఎందుకులెండి. పొగతాగని గది అని బుక్ చేస్తే తలుపు తీయగానే సిగరెట్ కంపు. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, తలుపు పక్కన కిటికీ తీసుకోమని సలహా ఇచ్చారు. ఆ కిటికీ తెరుచుకోదు. మా ఆవిడ అగరుబత్తి వెలిగించబోతే మా వాడు ఫైర్ అలారం మోగుతుందని టెన్షన్ పడ్డాడు. మీరు వెళ్తే కాస్త ముందుగా చూసుకోండి. ఆండీ గ్రిఫిత్ చిన్నప్పుడు పెరిగిన ఇల్లే రాత్రికి అద్దెకిస్తారు. మేబెరీ మోటర్ ఇన్ అని ఇంకొకటి ఉంది, సీరియల్లో బీ అత్త వేసిన ఫ్రాన్సెస్ బేవియర్ సామాన్లతో అక్కడ ఒక గది సర్ది ఉంచారు. మాకు రెండూ దొరకలేదు.

పొద్దున్నే మెయిన్ స్ట్రీట్. స్నాపీ లంచ్ 1923 నుంచి ఉంది, దాని పేరు సీరియల్లో కూడా వస్తుంది. వాళ్ల పోర్క్ చాప్ శాండ్‌విచ్ కోసం బయటే క్యూ. పిండి పట్టించి వేయించిన మాంసం ముక్క మీద కాబేజీ తురుము, టమాటా, ఉల్లిపాయ, ఇంకా ఏవేవో కారిపోతూ ఉంటాయి. మా వాడు చొక్కా పాడు చేసుకుని మరీ తిన్నాడు. నేను గుడ్డు శాండ్‌విచ్‌తో సరిపెట్టుకున్నాను, మా ఆవిడ కారులో పులిహోర తింది. మధ్యాహ్నానికే కట్టేస్తారు, ఆదివారం సెలవు. ఆ రెండూ మర్చిపోతే ప్రయాణం దండగ.

పక్కనే ఫ్లాయిడ్స్ సిటీ బార్బర్ షాప్. మొదట ఉత్త సిటీ బార్బర్ షాపే, సీరియల్ పేరు పాకాక, ఆ పేరుకి ముందు ఫ్లాయిడ్ వచ్చి చేరాడు. గోడల నిండా ఫొటోలు. కుర్చీలో కూర్చున్నవాళ్ల ఫొటోలు వేలల్లో, ఒకదాని మీద ఒకటి. గోడ రంగేదో చెప్పలేం. చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. నేను కటింగ్ చేయించుకుంటానంటే బార్బర్ మొహం వెలిగింది. నా తల మీద ఉన్నదానికి ఆయన అరగంట పట్టాడు. కత్తెర తక్కువ, కబుర్లు ఎక్కువ. రేటు మోరిస్‌విల్ కన్నా తక్కువే. తలకి మాలిష్ మాత్రం ఉండదు, అడిగి భంగపడకండి. మెక్‌నియర్ స్ట్రోక్ సంగతి ఎత్తాను. ఆయన దువ్వెన ఆపి, నేను అన్నది సరిగ్గా అర్థమైందా అన్నట్టు అద్దంలో నా వైపు చూసి, తల ఊపి, మళ్లీ మొదలెట్టాడు. దాని మీద ఏమీ అనలేదు.

ఆండీ గ్రిఫిత్ మ్యూజియం 2009లో తెరిచారు. ముందు షెరీఫ్ ఆండీ, చిన్నపిల్లాడైన ఆయన కొడుకు గాలాలు పట్టుకుని నడిచే కంచు విగ్రహం. దీనికి జంట రాలీ నగరంలోని పులెన్ పార్కులో ఉంది, అక్కడ చూసినవాళ్లకి ఇక్కడ కొత్తేం లేదు. లోపల అంతా ఆండీయే. పేరే ఆండీ మ్యూజియం, తప్పు పట్టలేం. కానీ నేను వెళ్లింది ఇంకొకాయన కోసం కాబట్టి గంటలో బయటపడ్డాను. కింద అంతస్తులో సయామీ కవలలు, అంటే ఒంట్లు అతుక్కుని పుట్టిన చాంగ్, ఎంగ్ బంకర్ల గురించి ఉంది. వాళ్లు ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. నన్నడిగితే దానికి ఎక్కువ సేపు ఉంచుకోండి.

డబ్బు గిట్టుబాటైంది ఊరు తిప్పి చూపించే స్క్వాడ్ కారు, అదే సీరియల్లోలాంటి పోలీసు కారులోనే. 1960ల నాటి ఫోర్డ్ గాలక్సీ, పైన ఎర్ర లైటు. ఛార్జీ కారుకి లెక్క, మనిషికి కాదు, కాబట్టి కారు నిండా ఎక్కండి. గ్రానైట్ క్వారీ, ఆండీ ఇల్లు, పాత వీధులు చూపించి, డ్రైవర్ దారిలో సైరన్ మోగిస్తాడు. మనవరాలు మళ్లీ మళ్లీ మోగించమంది. మోగించాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వెనక సీటు ఎక్కడం కాస్త కష్టం.

సెప్టెంబర్లో మేబెరీ డేస్ అని ఉత్సవం చేస్తారు. అప్పుడు జనం విపరీతమట, గదులు దొరకవు. మామూలు శనివారం నాలాంటివాడికి చాలు.

బయల్దేరేముందు బార్బర్ షాపు బయట బెంచీ మీద కూర్చుని, పేపర్ చేత్తో పట్టుకుని ఫ్లాయిడ్‌లా ఫొటో దిగాను. తెనాలిలో అన్నయ్యకి వాట్సాప్‌లో పంపాను. అప్పటికే వాడికి సీరియల్ ముక్కలు నాలుగు పంపి ఉన్నాను. అక్కడ అర్ధరాత్రి. అయినా పైలట్ మౌంటెన్ దాటకముందే వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఏడ్చావ్‌లే. పేపరు ఎడమ చేత్తో పట్టుకున్నావేంట్రా?"