గ్రాంటు గళ్ళు మడతలో పోయిన విద్యాశాఖ నివేదిక: ఒక పునర్ముద్రణపై సమీక్ష

మా తాతగారు గుంటూరు జిల్లాలో సర్కారు సాయంతో, అంటే గ్రాంటుతో నడిచే ఒక ఎయిడెడ్ బడిలో పంతులుగా పనిచేశారు. "గ్రాంటు వచ్చిందా?" అన్న ప్రశ్న మా ఇంట్లో "వాన పడిందా?" అన్నంత మామూలుగా వినిపించేది. ఆ గ్రాంటు ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలని, పాత పుస్తకాలను స్కాన్ చేసి అడిగినవారికి అచ్చువేసి పంపే ఒక సంస్థ నుంచి 1870ల నాటి మద్రాసు ప్రెసిడెన్సీ విద్యాశాఖ నివేదికను గత నెలలో తెప్పించుకున్నాను.

అట్ట గట్టిగా ఉంది, కుట్టు బైండింగు కావడంతో పుస్తకం బల్ల మీద చక్కగా పరుచుకుంటుంది, వచనభాగంలో అక్షరం ఎక్కడా చెదరలేదు. ఇన్‌స్పెక్టర్లు రాసిన భాగాలు ఆసక్తితో చదివించాయి. 1854లో, లండన్ నుంచి భారత వ్యవహారాలు చూసిన చార్లెస్ వుడ్ పంపిన విద్యా తాకీదు ప్రకారం, లౌకిక విద్యను చక్కగా బోధిస్తూ, స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం కలిగి, తనిఖీకి ఒప్పుకుని, పిల్లల నుంచి కొద్దిపాటి ఫీజైనా తీసుకునే ఏ బడికైనా సర్కారు సాయం అందవచ్చు. ఆ బడిలో చెప్పే మతబోధతో సర్కారుకు నిమిత్తం లేదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల వంటి మిషనరీ విద్యాసంస్థలకూ, హిందూ యాజమాన్యాల బడులకూ కాగితం మీద నియమం ఒక్కటే. అయితే సాయం అందాలంటే ముందుగా సొంత డబ్బు చూపించాలి. విదేశాల్లోని భక్తుల చందాలు అందే మిషన్లకు అది సాధ్యమయ్యేది. అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించి, పండగకు బియ్యమో పైసలో పుచ్చుకునే వీధిబడి అయ్యవారికి సాధ్యమయ్యేది కాదు. ఈ తేడాను నేను అన్యాయంగానే భావిస్తాను. అదే సమయంలో, ఇతరులు గడప తొక్కనివ్వని మాల, మాదిగ పిల్లలను బడిలో కూర్చోబెట్టినవి చాలాచోట్ల ఆ మిషన్ బడులేనన్న సంగతినీ మరువలేను.

ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో (Robert Lowe) అనే రాజకీయ నాయకుడు తెచ్చిన 'ఫలితాలను బట్టి చెల్లింపు' పద్ధతి మద్రాసుకూ వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలలో ఒక్కొక్క పిల్లవాణ్ణీ పరీక్షిస్తాడు. ఎందరు నెగ్గితే ఆ లెక్కన డబ్బు వస్తుంది. పరీక్ష రోజున జ్వరం తగిలి రాలేకపోయిన పిల్లవాడి వల్ల పంతులు రాబడి తగ్గే ఏర్పాటు ఇది.

ఈ విషయాలన్నిటికీ అసలు సాక్ష్యం పుస్తకం చివరి పట్టికల్లో ఉండాలి. అక్కడే ఈ ముద్రణ దారుణంగా విఫలమైంది. పెద్ద పట్టికలు మడత కాగితాల మీద ఉన్నాయి. స్కాన్ చేసినవారు ఆ మడతలు విప్పలేదు. పాఠశాల పేరు, యాజమాన్యం, హాజరు అన్న మూడు గళ్ళు కనిపిస్తాయి. ఆ తరువాత మడత నీడ నల్లటి చారలా పడి, గ్రాంటు మొత్తం ఉండవలసిన గడి అక్కడే తెగిపోయింది. అలాంటి పుటలు పదకొండు లెక్కపెట్టాను. ఏ బడికి ఎంత దక్కిందో చెప్పని గ్రాంటు నివేదిక నా వంటి పాఠకుడికి దేనికి పనికివస్తుంది?

ఫొటోలు జతచేసి రాశాను. మూడు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చారు, డబ్బు వాపసు చేశారు, పుస్తకం ఉంచుకొమ్మన్నారు. కానీ మూలప్రతిని మళ్ళీ స్కాన్ చేస్తారా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం రాలేదు. అమ్మకపు పేజీలో ఇప్పటికీ "సంపూర్ణ ప్రతి" అనే ఉంది. వచనభాగం మాత్రమే కావలసినవారు కొనవచ్చు. లెక్కల కోసం కొనేవారు మాత్రం డబ్బు కట్టకముందే ఒక మడత పుట పూర్తిగా విప్పిన ఫొటో పంపమని అడగండి.