ప్యానెళ్లకు ఐదు, బిగించినవాళ్లకు రెండు: రెండేళ్ల సోలార్ వాడకం తర్వాత

ఇంటి మీద సోలార్ పెట్టించి రెండేళ్లు దాటింది. "పెట్టించమంటారా, వద్దంటారా?" అని అడిగేవాళ్లు నెలకొకరైనా తగులుతున్నారు. అందరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా.

మాది ఆన్‌గ్రిడ్ సిస్టమ్, అంటే కరెంటు ఆఫీసు లైనుకు (గ్రిడ్‌కి) కలిపి నడిచేది. 545 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.27 కిలోవాట్లు, బ్యాటరీ లేదు. ప్యానెళ్ల మీద నాకు ఒక్క కంప్లైంటు కూడా లేదు. నా గొడవంతా నీడ గురించి, ఆ నీడను చూసుకోకుండా బిగించేసి వెళ్లినవాళ్ల గురించి.

సైటు చూడ్డానికి ఆ కంపెనీ మనిషి వచ్చింది మంచి ఎండాకాలంలో, అదీ మిట్టమధ్యాహ్నం. నీడలన్నీ కాళ్ల దగ్గరే ముడుచుకుని ఉండే టైము, ఇక నీళ్ల ట్యాంకు నీడ ఎవరికి కనిపిస్తుంది? టేపుతో డాబా కొలిచాడు, నాలుగు ఫొటోలు తీసుకున్నాడు, "బ్రహ్మాండమైన డాబా అండీ" అన్నాడు, ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. నాకూ తట్టలేదు, నిజమే, కానీ అది ఆయన రోజూ చేసే పని కదా. మొదటి కొన్ని నెలలు బాగానే నడిచింది. చలికాలం వచ్చేసరికి, ఎంత కరెంటు తయారవుతోందో చూపించే యాప్‌లో గ్రాఫు మధ్యాహ్నం రెండున్నరకల్లా బావిలో పడ్డట్టు పడిపోవడం మొదలైంది. మబ్బు లేదు, దుమ్ము లేదు. పైకెక్కి చూస్తే రెండు ప్యానెళ్ల మీద ట్యాంకు నీడ హాయిగా కాళ్లు చాపుకుని పడుకుంది. చలికాలంలో సూర్యుడు కిందగా నడుస్తాడు, నీడలు సాగుతాయి, ఇంతే సంగతి.

కొంచెం నీడేగా అనుకోకండి. ప్యానెళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి, అన్నింట్లోంచీ ఒకే కరెంటు పారాలి, కాబట్టి నీడపడ్డ సెల్లు (ప్యానెల్లో కనిపించే ఒక్కో గడి) పైపులో ఇరుక్కున్న చెత్తలా అడ్డం పడుతుంది. ప్యానెల్ వెనక బైపాస్ డయోడ్లు ఉంటాయి, మామూలుగా మూడు. అవి అడ్డుపడ్డ భాగాన్ని వదిలేసి కరెంటును పక్కదారి పట్టిస్తాయి. అంటే చేటంత నీడకే ప్యానెల్లో మూడో వంతు పనిచేయకుండా పోవచ్చన్నమాట. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె ఇన్వర్టర్. అందరికీ కలిపి ఒకటి కాకుండా ప్యానెల్ ప్యానెల్‌కీ విడిగా చిన్న మైక్రో ఇన్వర్టర్ గానీ, దేని ఉత్పత్తిని అది చూసుకునే ఆప్టిమైజర్ గానీ పెట్టుకుంటే ఒకదాని నష్టం పక్కదానికి అంటదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది, పైగా నీడలో ఉన్న ప్యానెల్ అప్పుడూ నీడలోనే ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేస్తే ముందు "సీజన్ అండీ" అన్నారు. తర్వాత "స్టాండు ఎత్తు పెంచాలి, ఎక్స్‌ట్రా అవుతుంది" అన్నారు. నాలుగు వారాలు వాదించాక, సగం ఖర్చు నేను పెట్టుకుని ఆ రెండు ప్యానెళ్లనీ నీడ పడని చోటికి జరిపించుకున్నా.

అందుకే, ఏ కంపెనీనీ పిలవకముందే ఒక రోజు ఉదయం తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి డాబా ఎక్కి ఫొటోలు తీసి పెట్టుకోండి. వేరే కాలంలో నీడ ఎక్కడిదాకా వస్తుందో చూపించే యాప్‌లు ఉన్నాయి. పక్క ఖాళీ స్థలంలో రేపు మూడంతస్తులు లేస్తే ఏంటనేదానికి మాత్రం ఏ యాప్ లేదు. ప్యానెల్ ముఖం ఎటు ఉండాలంటే, భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లకు దక్షిణం, దక్షిణాన ఉన్నవాళ్లకు ఉత్తరం. డాబా కారుతుంటే ముందు ఆ రిపేరు చేయించండి, తర్వాత స్టాండ్లు విప్పి చేయించడం పెద్ద తలనొప్పి.

ఇంకో సంగతి, 3.27 అని రాసి ఉన్నంత మాత్రాన నా యాప్‌లో ఆ అంకె ఒక్కరోజూ కనిపించలేదు, ఎక్కువలో ఎక్కువ 2.7 దాకా వెళ్లింది. మొదట్లో మోసపోయామేమో అని టెన్షన్ పడ్డా. తీరా చూస్తే ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. మండే ఎండలో సెల్లు 65 డిగ్రీలకు కూడా వెళ్తుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం లెక్కన పోతే 14 శాతం అక్కడే ఆవిరి. సోలార్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. చల్లగా ఉండి ఆకాశం తేటగా ఉన్న రోజే దానికి పండగ.

కరెంటు పోతే సోలార్ ఉంది కదా అనుకునేవాళ్లు చాలామంది. పోతుంది, అదీ పోతుంది! మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే ఆగిపోవాల్సిందే, లేదంటే మన డాబా మీంచి వెళ్లే కరెంటు స్తంభమెక్కి పనిచేసేవాళ్ల ప్రాణం తీస్తుంది. బయట ఎండ పేలిపోతుంటే, పైన ఆరు ప్యానెళ్లు పెట్టుకుని, లోపల విసనకర్రతో విసురుకున్న రోజులున్నాయి మాకు. కరెంటు కోతలే మీ బాధ అయితే హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచేది), బ్యాటరీ తప్పవు, అప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది.

లెక్క అంటే, ఒక నెల బిల్లు చూసి సైజు తేల్చకండి, పన్నెండు నెలల యూనిట్లు కూడండి. తర్వాత అందులో పగలు వాడేది ఎంతో చూడండి. మిగిలిన కరెంటు గ్రిడ్‌కి పోతే దానికి ఎంత కట్టిస్తారనేది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇచ్చిన యూనిట్‌కి బదులు యూనిట్ లెక్కేస్తే, మీ ఏడాది వాడకం దాటనంతవరకు పెద్ద సిస్టమ్ పెట్టినా నష్టం లేదు. తక్కువ రేటుకే కొంటామంటే మాత్రం పగలు ఇల్లంతా తాళం వేసి ఉండేవాళ్లు చిన్నదానితో సరిపెట్టుకోవడమే మంచిది, ఒక్కోసారి మానుకోవడమే మంచిది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు, మా ఇంట్లో ఎండ ఉండగానే బట్టలు ఉతికేసుకోవాలి, ట్యాంకు నింపేసుకోవాలి.

కొటేషన్‌లో "ఇన్నేళ్లలో పెట్టుబడి వెనక్కి" అని ఒక పట్టిక ఇస్తారు. అందులో కరెంటు రేటు ఏటేటా పెరుగుతుందని వాళ్లే ఒక శాతం వేసేసుకుంటారు. అది తీసేసి మళ్లీ లెక్క కట్టమని అడగండి, మొహంలో రంగులు చూడొచ్చు. లోన్ తీసుకుంటే వడ్డీ, మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చే ఖర్చు కూడా కలపండి, అది పది పదిహేనేళ్లకు మించి రావడం కష్టం. వచ్చిన అంకె ఆ ఇంట్లో మీరు ఉండబోయే ఏళ్లకంటే ఎక్కువైతే ఇక వదిలేయండి. అన్నట్టు వాళ్లు గొప్పగా చెప్పే ఆ 25 ఏళ్ల వారంటీ మామూలుగా ప్యానెల్ ఉత్పత్తి ఎంత తగ్గొచ్చన్నదానికే, స్టాండు తుప్పుకో వైరు ఊడిపోవడానికో కాదు. బిగించిన పనికి వారంటీ ఎన్నేళ్లో విడిగా రాయించుకోండి, అవసరం పడేది దానితోనే. నేను రాయించుకోలేదు.

మార్కులేయమంటే, ప్యానెళ్లకు ఐదుకి ఐదు. ఇన్వర్టర్‌కి నాలుగు, వైఫై పోయినప్పుడల్లా దాని యాప్ మళ్లీ కలవనని మొరాయిస్తుంది కాబట్టి. బిగించినవాళ్లకు రెండు, ఆ రెండు కూడా వైరింగ్, ఎర్తింగ్ శుభ్రంగా చేసినందుకు.