వియన్నా పెద్ద చర్చి: 343 మెట్లా, లిఫ్టా?

ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ కలిపి నాలుగైదు రోజుల్లో చుట్టేసే మనవాళ్ళందరూ నన్నడిగే ప్రశ్న ఒక్కటే. వియన్నా పెద్ద చర్చి స్టెఫాన్స్‌డోమ్‌కి పైకెక్కే టవర్లు రెండున్నాయి కదా, ఏదెక్కమంటావ్? చేతిలో ఒక్క పూటే ఉంటుంది, పక్కన ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటారు. కిందటి డిసెంబర్లో మేం కూడా సరిగ్గా ఇలాగే వెళ్ళాం. నాన్న, బావ, నేను దక్షిణ టవర్ ఎక్కాం. తర్వాత అమ్మను కూడా తీసుకుని ఉత్తర టవర్‌కెళ్ళాం. కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నా.

అందరూ చెప్పే సలహా తెలిసిందే. మోకాళ్ళు బాగుంటే దక్షిణం, లేదంటే లిఫ్టున్న ఉత్తరం. తప్పేం కాదు గానీ, అలా చెబితే లిఫ్టెక్కేవాళ్ళు ఏదో రాజీ పడ్డట్టుంటుంది. నాకు మాత్రం మోకాళ్ళ కంటే పైకెళ్ళాక ఎదురుగా ఏం కనబడుతుందన్నదే ముఖ్యం.

ముందు దక్షిణ టవర్. 1433లో పూర్తయింది, ఎత్తు 136 మీటర్లు. ఊళ్ళోవాళ్ళు ముద్దుగా స్టెఫ్ల్ అంటారు. ప్రవేశం చర్చి లోపల్నుంచి కాదు, బయట దక్షిణం పక్క నుంచి. 343 మెట్లని బోర్డు చూడగానే మా బావ, "అలిపిరి నుంచి కొండెక్కినోళ్ళం, ఇదొక లెక్కా" అన్నాడు. లెక్కే! అలిపిరిలో ఆగొచ్చు, కూర్చోవచ్చు, గాలి పీల్చుకోవచ్చు. ఇక్కడ ఒక్కటే రాతి మెట్ల వరస, గిరగిరా ఒకే వైపు తిరుగుతూ పోతుంది. చార్మినార్ లోపలి మెట్లెక్కినవాళ్ళకు ఈ ఇరుకు తెలుసు. అవి 149, ఇవి దానికి రెట్టింపు కంటే ఎక్కువ. పైగా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అదే దారిలో. మనిషి కనబడకముందే పైనుంచి బూట్ల చప్పుడు వినబడుతుంది. ఎవరో ఒకరు వీపు గోడకు ఆనించి, కడుపు లోపలికి లాక్కుని దారివ్వాలి. మాకు మధ్యలో ఓ స్కూలు పిల్లల గుంపు ఎదురైంది. వాళ్ళందరూ దాటేదాకా చల్లటి రాతికి అతుక్కుని నిలబడ్డాం. నాన్నకు ఆయాసం కంటే కళ్ళు తిరగడమే ఇబ్బంది పెట్టింది. గుండ్రంగా తిరుగుతుంటే అంతేగా మరి.

పైన చిన్న గది. ఒకప్పుడు ఊళ్ళో ఎక్కడైనా మంటలు లేస్తాయేమోనని రాత్రింబవళ్ళు కాపలా కాసిన గది అది. 1955 దాకా ఆ కాపలా ఉంది. 1683లో టర్కీ సైన్యం నగరాన్ని ముట్టడించినప్పుడు, నగర రక్షకుడు కౌంట్ స్టారెంబర్గ్ ఈ టవర్ మీంచే శత్రువుల కదలికలు చూసుకునేవాడు. ఇవన్నీ తెలిసి నిలబడితే ఒళ్ళు కొంచెం జలదరిస్తుంది, నిజమే. కానీ ఊరిని చూడ్డం కిటికీ అద్దాల్లోంచి. ఒక్కో కిటికీ దగ్గర జనం వంతుల కోసం నిలబడతారు. బావ ఫోన్లో ఇప్పటికీ ఆ ఫొటోలున్నాయి. వాటిలో సగం అద్దంలో పడ్డ ఆయన మొహమే.

ఇక ఉత్తర టవర్. నిజానికి ఇది సగంలో ఆగిపోయిన కట్టడం. దక్షిణ టవర్‌కి జోడీగా కడదామని 1450లో మొదలుపెట్టారు, 1511లో ఆపేశారు, 1578లో పైన ఓ టోపీ లాంటి గుమ్మటం పెట్టి ముగించారు. మొత్తం ఎత్తు 68 మీటర్లు, అంటే అన్నకు సరిగ్గా సగం. లిఫ్టు చర్చి లోపల ఎడమవైపు ఉంటుంది. పైన ఆరుబయటే నిలబడతాం కాబట్టి డిసెంబర్లో చలికి చెవులు పోతాయి, మంకీ క్యాప్ దాచుకోకండి.

ఇక్కడ ఎదురుగా ఏముందో చూడండి. దక్షిణ టవర్, చర్చి కప్పు పై నుంచి కొన దాకా. దాని మీదున్నప్పుడు కనబడని వస్తువు అదే కదా! మనం ఇంత దూరం వచ్చింది దాన్ని చూడ్డానికే. రెండోది పైకప్పు. దాదాపు 2,30,000 రంగు పెంకులు, జిగ్‌జాగ్ గీతలు. ఉత్తరం వైపు వాలు మీద వియన్నా నగర చిహ్నం, ఆస్ట్రియా చిహ్నం పక్కపక్కన, కింద 1950 అన్న అంకె. కప్పు ఎంత నిటారుగా ఉంటుందంటే వానే కడిగేస్తుంది, మంచు ఎక్కువసేపు నిలవదు. మేం వెళ్ళిన రోజు కింద క్రిస్మస్ బజారులో గుడిసెల్లాంటి కొట్ల మీద మంచు తెల్లగా ఉంది, ఇక్కడ పెంకులు మాత్రం మెరుస్తున్నాయి.

ఆ 1950 వెనకాల ఒక కథ ఉంది. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం చివరి రోజుల్లో, చుట్టుపక్కల ఇళ్ళకంటుకున్న మంటల నిప్పురవ్వలు ఎగిరొచ్చి చర్చి మీద పడ్డాయి. కలప దూలాల పాత కప్పు మొత్తం కాలిపోయింది. ఊరికి నిప్పంటుకుంటే ముందు చూడాల్సిన దక్షిణ టవర్‌కే నిప్పంటుకుంది. అందులో వేలాడుతున్న పుమ్మరిన్ అనే పెద్ద గంట కిందపడి ముక్కలైంది. టర్కీ సైన్యం వదిలేసిపోయిన ఫిరంగులు కరిగించి 1711లో పోసిన గంట అది. ఆ ముక్కలను కూడా కలిపి 1951లో మళ్ళీ పోశారు. బరువు 20 టన్నుల పైనే. ఈసారి దాన్ని ఉత్తర టవర్లో కట్టారు. కాబట్టి లిఫ్టెక్కినవాళ్ళకే పుమ్మరిన్ దర్శనం. కొత్త సంవత్సరం అర్ధరాత్రి మోగేది ఇదే. అమ్మ దాన్ని చూసి అలవాటుగా చేతులు జోడించింది.

నా ఓటు ఎటో అర్థమయ్యే ఉంటుంది. ఒక్కటే ఎక్కే టైముంటే, కాళ్ళు ఎంత గట్టివైనా సరే, ఉత్తరం.

ఎత్తు మాత్రమే కావాలనుకుంటే వియన్నాలోనే ఉన్న డాన్యూబ్ టవర్‌కి పోండి, మొత్తం ఎత్తు 252 మీటర్లు, లిఫ్టుంది. చర్చి మెట్లే కావాలంటే జర్మనీలో ఉల్మ్ ఊరి చర్చి ఉంది, 768 మెట్లు. ప్రాటర్ పార్కు జెయింట్ వీల్ పిల్లలకు సరదా, అంతే.

రెండూ చూసే ఓపికుంటే తెరవగానే దక్షిణం ఎక్కేసి, దిగి ఓ కాఫీ తాగి, అప్పుడు లిఫ్టెక్కండి. టికెట్లు వేరువేరు. మేం అలాగే చేశాం. ఉత్తర టవర్ మీద నాన్న గాలికి మఫ్లర్ పట్టుకుని, ఎదురుగా ఉన్న టవర్లో తను ఎక్కిన కిటికీ వెతికి వేలితో చూపించారు. "అదిగో, అక్కడిదాకా ఎక్కాను."

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "అయితే పైకి ఇంకా సగం ఉందిగా" అంది.